పొయ్యెక్కని పండ్ల పచ్చడి

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు, మనవరాలు డిసెంబరు మూడో వారంలో అమెరికా నుంచి బెంగళూరు వస్తున్నారు. క్రిస్మస్ సెలవులు ఇక్కడే గడిపి, సంక్రాంతి చేసుకుని వెళ్తారు. కోడలు పుట్టి పెరిగింది అక్కడే. అక్కడి పండగ భోజనంలో క్రాన్‌బెర్రీలు, ఆరెంజ్ కలిపి ఉడికించకుండా చేసే రెలిష్ అంటే ఆమెకు ప్రాణం. అది నా చేత్తో చేసి పెట్టాలని ఆశ. మొన్న ఎండు క్రాన్‌బెర్రీలు తెచ్చి, కమలాపండు తొక్కతో సహా మిక్సీలో వేసి చూశాను. బంకగా తియ్యటి ముద్ద అయింది, సాయంత్రానికి చేదు తిరిగింది. ఏం తప్పు చేశాను? తాజా క్రాన్‌బెర్రీలు అబ్బాయినే తెమ్మననా? ఒకసారి చేస్తే సంక్రాంతి దాకా నిలవ ఉంటుందా? మా అత్తగారికి షుగరు ఉంది, ఆవిడకి పెట్టొచ్చా?
ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు:

అమ్మా,

ముందు అబ్బాయి బ్యాగు సంగతి తేల్చేద్దాం. తాజా పండ్లు తెమ్మనకండి. బయటి దేశం నుంచి పచ్చి పండ్లు, కాయలు, మొక్కలు మన దేశంలోకి తేవాలంటే ప్లాంట్ క్వారంటైన్ వాళ్ల అనుమతి, పండుకు తెగులు లేదని అక్కడి అధికారులు ఇచ్చే పత్రం ఉండాలి. పండుతో పాటు పురుగులు వచ్చి మన తోటల్లో పడకూడదని పెట్టిన నియమం అది. చిన్నపిల్లతో అంత దూరం ప్రయాణం చేసి వచ్చేవాళ్లకి విమానాశ్రయంలో ఆ తంటా ఎందుకు? ఇక్కడే పెద్ద సూపర్ మార్కెట్లలో ఫ్రోజెన్ క్రాన్‌బెర్రీలు ఒక్కోసారి దొరుకుతాయి. కనబడితే తీసుకోండి, ఈ పచ్చడికి అవి బాగా పనికొస్తాయి. దొరక్కపోయినా దిగులు పడొద్దు. మీకు కావలసిన పులుపు మన బండ్ల మీదే ఉంది.

మీ కోడలు ఇష్టపడే పచ్చడి చెయ్యడం చాలా తేలిక. అమెరికాలో క్రాన్‌బెర్రీలు 12 ఔన్సుల సంచుల్లో, అంటే సుమారు 340 గ్రాముల లెక్కన అమ్ముతారు. ఒక సంచి పండ్లు, గింజలు తీసిన ఒక ఆరెంజ్ తొక్కతో సహా, ముప్పావు కప్పు నుంచి కప్పు దాకా చక్కెర. మూడూ కచ్చాపచ్చాగా తిప్పి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెడతారు. నవంబరు నాలుగో గురువారం వాళ్లకి థాంక్స్‌గివింగ్ పండగ. ఆ రోజు టర్కీ కోడి పక్కన ఇది ఉంటుంది, క్రిస్మస్‌కీ చేసుకుంటారు. పేరు కొత్తగా ఉంది కానీ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. ఉగాది పచ్చడిని మనం ఏనాడైనా పొయ్యి మీద పెట్టామా? మామిడికాయ, వేపపువ్వు, కొత్త చింతపండు, కొత్త బెల్లం, ఉప్పు, కారం అన్నీ పచ్చిగా కలిపి, దేవుడికి చూపించి తింటాం. పచ్చడి అన్న మాటలోనే ‘పచ్చి’ వినబడుతోంది.

ఇక మీరు చేసినది ఎందుకు చెడిందో చూద్దాం. తాజా క్రాన్‌బెర్రీ గట్టి కాయ. 100 గ్రాముల్లో తీపి 4 గ్రాములే ఉంటుంది. మిగతాదంతా పులుపు, వగరు. ఆ పులుపుని అణచడానికి అంత చక్కెర పోస్తారు. ఎండు క్రాన్‌బెర్రీ కథ వేరు. ఎండబెట్టే ముందే దానికి చక్కెర పట్టిస్తారు, బరువులో సగానికి పైగా చక్కెరే. అందులో నీరూ లేదు, చాలినంత పులుపూ లేదు. మీరు దానికి మళ్లీ చక్కెర కూడా కలిపి ఉంటారు, అందుకే బంక సాగింది. ఎండు ద్రాక్షతో ద్రాక్షరసం తీయబోయినట్టు అనుకోండి.

చేదుకి కారణం గింజ. కమలా గింజ, దాని చుట్టూ ఉండే తెల్లటి పీచు మిక్సీలో నలిగితే అప్పటికప్పుడు పెద్దగా తెలియదు, గంటలు గడిచేకొద్దీ చేదు పైకి వస్తుంది. మీరు మధ్యాహ్నం రుచి చూసినప్పుడు బాగానే ఉండి సాయంత్రానికి మారిందంటే ఇదే జరిగింది. పైగా అమెరికా వాళ్లు వాడే ఆరెంజ్ తొక్క పండుకు గట్టిగా అంటుకుని, మందంగా, నూనెతో ఉంటుంది. మన కమలా తొక్క వదులుగా, పల్చగా, వాసన ఘాటుగా ఉంటుంది. వాళ్ల లెక్కన మొత్తం తొక్క వేస్తే మనం తట్టుకోలేం. పావు తొక్క చాలు.

క్రాన్‌బెర్రీకి బదులు నేను వాడేది ఉసిరికాయ. దానిలాగే గట్టిది, పుల్లనిది, వగరుది, డిసెంబరులో ఎక్కడ చూసినా రాశులు పోసి ఉంటుంది. కార్తికంలో వనభోజనాలప్పుడు మొదలైతే సంక్రాంతి దాటినా దొరుకుతుంది. మీ వీధి బండి మీద దొరక్కపోతే తోటల రైతుల సహకార సంఘం నడిపే హాప్‌కామ్స్ దుకాణంలో చూడండి. కన్నడంలో ‘బెట్టద నెల్లికాయి’ అని అడగండి. ఉత్త ‘నెల్లికాయి’ అంటే గీతల గీతలుగా ఉండే చిన్న పుల్ల ఉసిరి చేతిలో పెట్టేవాళ్లున్నారు. అదీ మంచిదే గానీ నీరెక్కువ, ఈ పనికి రాదు.

పావు కిలో ఉసిరికాయలు తీసుకోండి, మధ్యరకం కాయలైతే ఏడెనిమిది తూగుతాయి. కడిగి తడి లేకుండా తుడిచి, స్టీలు కోరుతో తురమండి. ఇనుప కత్తి, ఇనుప కోరు వద్దు. ఉసిరిలోని వగరు ఇనుముకి తగిలితే తురుము నల్లబడుతుంది. తురుముకి అర టీస్పూను ఉప్పు పట్టించి ఇరవై నిమిషాలు వదిలేయండి. మాగాయ ముక్కలకి ఉప్పు కలిపితే ఊట వచ్చినట్టే దీనికీ వస్తుంది. ఆ ఊటతో వగరు చాలావరకు దిగిపోతుంది. గుప్పిటతో నెమ్మదిగా పిండండి, పిప్పి అయ్యేదాకా వద్దు. పిండిన రసం పారబొయ్యకండి. పల్చటి మజ్జిగలో కాస్త కరివేపాకు నలిపి ఈ రసం కలుపుకుంటే ఆ మధ్యాహ్నానికి వేరే ఏమీ అక్కర్లేదు.

ఎండు క్రాన్‌బెర్రీలు మీ దగ్గర మిగిలే ఉంటాయి. 60 గ్రాములు చాలు. ఒక కమలాపండు రసం పిండి అందులో గంటసేపు నానబెట్టండి. అవి ఉబ్బి మెత్తబడతాయి, రంగు రసంలోకి దిగుతుంది. మీ కోడలికి తెలిసిన వాసన వాటి నుంచే వస్తుంది కాబట్టి ఇవి మానొద్దు. పులుపు భారం ఉసిరి మోస్తుంది, వీటికి ఆ పని లేదు.

ఇంకో కమలాపండు తీసుకుని గోరువెచ్చటి నీళ్లలో బాగా రుద్ది కడగండి, మెరుపు కోసం పైన మైనం పూసినవి వస్తుంటాయి. నాగపూర్ కమలా అయినా సరే, కొడగు కిత్తళె అయినా సరే. తొక్కలో నాలుగో వంతు తీసుకుని, లోపలి తెలుపుని చెంచాతో గీకేసి, మిగిలిన నారింజ రంగు పొరని సన్నగా, వెంట్రుకల్లా తరగండి. తొనలు చీల్చి, గింజలు, పై పొర తీసేసి గుజ్జు మాత్రం విడదీయండి. ఓపిక పట్టాల్సిన పని ఇదొక్కటే. మనవరాలు పక్కన కూర్చుంటే సగం గుజ్జు తినేస్తుంది, రెండో పండు సిద్ధంగా ఉంచుకోండి.

ఇప్పుడు ఉసిరి తురుము, నానిన క్రాన్‌బెర్రీలు రసంతో సహా, కమలా గుజ్జు, తొక్క తరుగు, 150 గ్రాముల చక్కెర అంటే ముప్పావు కప్పు, అర అంగుళం అల్లం తురుము అన్నీ గాజు గిన్నెలో కలపండి. మిక్సీలో వేయాలనిపిస్తే నానిన క్రాన్‌బెర్రీలని మాత్రం వేసి, మీటని ఎడమ వైపుకి రెండే రెండు సార్లు తిప్పి వదలండి. అంతకు మించితే మళ్లీ ముద్దే. ఇంట్లో చిన్న రోలు ఉంటే అదే మేలు. రోట్లో నలిగిన కాయ నారు నారుగా చీలుతుంది, పంటికి తగులుతుంది. ఈ పచ్చడిలో ఆ తగలడమే సుఖం.

కలిపిన వెంటనే రుచి చూస్తే మీకు నా మీద కోపం వస్తుంది. ఉప్పు ఉప్పుగా, పులుపు పులుపుగా, చక్కెర చక్కెరగా, ఎవరి దారి వాళ్లదిగా ఉంటాయి. మూత పెట్టి ఫ్రిజ్‌లో ఒక రాత్రి వదిలేయండి. చక్కెర పండు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది, ఆ నీటిలో తాను కరిగి పల్చటి పాకమవుతుంది, ఆ పాకం మెల్లగా మళ్లీ ముక్కలోకి ఇంకుతుంది. పొయ్యి మీద పావుగంటలో అయ్యే పని ఇక్కడ ఎనిమిది, పది గంటలు పడుతుంది. అందుకే 25 మధ్యాహ్నం వడ్డించాలంటే 23 రాత్రే కలిపి పెట్టుకోండి. 24 ఉదయం ఒకసారి కలియబెట్టి, పులుపెక్కువనిపిస్తే రెండు చెంచాల చక్కెర, తీపెక్కువైతే సగం నిమ్మచెక్క. ఆ తర్వాత దాన్ని ముట్టుకోవద్దు. ఎర్రటి రంగు కావాలంటే గుప్పెడు దానిమ్మ గింజలు వడ్డించే ముందు చల్లండి, ముందే కలిపితే వాటి కరకర పోతుంది.

నిలవ సంగతి దాచకుండా చెప్తాను: సంక్రాంతి దాకా ఉండదు. ఆవకాయ ఏడాది ఉంటోంది కదా, ఇదెందుకు ఉండదు అని అడుగుతారు. ఆవకాయలో ఉప్పు దండిగా పడుతుంది, ఆవపిండి, కారం ఉంటాయి, పైన నూనె తేలి గాలిని ఆపుతుంది. జామ్ అయితే మూడింట రెండు వంతులు చక్కెర, పైగా ఉడికించింది. మన గిన్నెలో అర చెంచా ఉప్పు, ఐదింట రెండు వంతుల చక్కెర, పచ్చి పండు. ఉసిరి పులుపు ఉండబట్టి ఫ్రిజ్‌లో ఐదు రోజులు నిశ్చింతగా ఉంటుంది. తడి చెంచా పెట్టకూడదు, బల్ల మీద గంటలకొద్దీ వదిలేసి మళ్లీ లోపల పెట్టకూడదు. డిసెంబరు రాత్రి బెంగళూరులో చలే కదా అని బయట ఉంచేస్తారు కొందరు. ఇక్కడి చలి మనకి స్వెటరు వేసుకునేంత, పచ్చి పండుని కాపాడేంత కాదు. బుడగలు వచ్చినా, మూత తీయగానే కల్లు వాసన వేసినా మొత్తం పారెయ్యండి, పైది తీసి కింది భాగం వాడుకుందామనుకోవద్దు. ఇత్తడి, అల్యూమినియం గిన్నెలు దీనికి పనికిరావు, పులుపు వాటిని తింటుంది.

మీ అత్తగారి విషయం. పైన చెప్పిన లెక్కలో ఒక పెద్ద చెంచాడు పచ్చడిలో దాదాపు ఒకటిన్నర టీస్పూన్ల చక్కెర ఉంటుంది. చక్కెరకి బదులు బెల్లం వేస్తే ఆవిడకి మంచిదని ఎవరైనా అంటే నమ్మకండి. బెల్లం కూడా చాలావరకు చక్కెరే, రక్తంలో దాదాపు అదే పని చేస్తుంది. పండగ పూట అందరూ తింటుంటే ఆవిడని చూస్తూ కూర్చోబెట్టడం నాకు నచ్చదు, అందుకే ఆవిడకి వేరే గిన్నె కలపండి. చక్కెర కలపకముందే, ఉప్పు పట్టించి పిండిన ఉసిరి తురుము రెండు చెంచాలు పక్కకి తీసి, కాసిని కమలా గుజ్జు ముక్కలు, సన్నగా తరిగిన కీరా, ఒక పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర వేయండి. ఇక్కడ పెసరపప్పు నానబెట్టి కోసంబరి చేస్తారు చూశారా, ఆ పప్పు రెండు చెంచాలు ఇందులో కలిపితే కడుపు నిండే వంటకమవుతుంది. నిజం చెప్పాలంటే మా ఇంట్లో తీపిది కన్నా ఈ గిన్నే ముందు ఖాళీ అవుతుంది. ఆదివారాలు, రాత్రిపూట ఉసిరి తినని పట్టింపు ఆవిడకి ఉంటే, ఆ సంగతి ముందే అడిగి మధ్యాహ్నం భోజనంలోకి పెట్టండి. మనవడి భార్య కోసం చేసిన వంట అని ఆవిడ కాదనలేక తినేస్తారు, తర్వాత మనసులో పెట్టుకుంటారు.

వేటితో తినాలి? కోడి వేపుడు, రోస్టు, బిర్యానీ పక్కన ఇది అద్భుతంగా ఉంటుంది. నూనె, మసాలా బరువుని ఒక్క చెంచా పులుపు విరగ్గొడుతుంది. వేడి గారెలతోనూ తినిపించి చూడండి. పులిహోర ఉన్న విస్తట్లో మాత్రం వడ్డించకండి, పులుపు మీద పులుపు పడి రెండూ పాడవుతాయి.

సంక్రాంతికి దీన్నే మళ్లీ చేయొద్దని నా సలహా. అప్పటికి రేగిపండ్లు వస్తాయి. భోగినాడు మనవరాలి తల మీద పోయడానికి ఎలాగూ కొంటారు, ఇంకో అరకిలో ఎక్కువ కొనండి. ఇక్కడి వాళ్లు ‘ఎలచి హణ్ణు’ అంటారు. యాపిల్ బేరు అని పెద్దవి అమ్ముతారు, అవి వద్దు, నీళ్లగా చప్పగా ఉంటాయి. చిన్నవి, ముడతలు పడిన ఎర్రటివి ఏరుకోండి. ఒక్కొక్కటీ నొక్కి విప్పి చూడాలి, సగం వాటిలో పురుగు ముందే కాపురం పెట్టి ఉంటుంది. గింజ తీసిన గుజ్జుకి 100 గ్రాముల బెల్లం, మూడు పచ్చిమిర్చి, ఒక టీస్పూను ఉప్పు, అర టీస్పూను జీలకర్ర చేర్చి రోట్లో దంచండి. అంతే, నీటి చుక్క అక్కర్లేదు. మా అమ్మమ్మ దీన్ని చిన్న చిన్న బిళ్లలుగా తట్టి ఎండలో పెట్టి రేగి వడియాలు చేసేది. ఎండేదాకా ఆగలేక మేము పచ్చి ముద్దనే నాకేసేవాళ్లం, ఆ రుచి నాలుక మీద ఇప్పటికీ ఉంది. మీ కోడలికి ఆ ముద్ద ఒక చెంచాడు పెట్టి చూడండి. క్రాన్‌బెర్రీ తెలిసిన నాలుక దీన్ని వెంటనే గుర్తుపడుతుంది. పచ్చి ముద్ద ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు. మిగిలింది మేడ మీద ఎండలో నాలుగైదు రోజులు పెడితే వడియాలవుతాయి, మీరడిగిన నిలవ వాటికి ఉంటుంది.

రెండు జాగ్రత్తలు కూడా చెప్పాలి, ఎందుకంటే పచ్చి పండ్ల పచ్చడి అనగానే చాలామంది అనాసపండు వైపు వెళ్తారు. ఒక పండక్కి నేను అనాస ముక్కలు, పెరుగు, పచ్చిమిర్చి కలిపి ముందు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టాను. తెల్లారేసరికి పెరుగు నీళ్లు విడిచి చేదెక్కింది. అప్పటికే బంధువులు దారిలో ఉన్నారు, చాలా బాధపడ్డాను. పచ్చి అనాసలో ఉండే బ్రొమెలైన్ అనే ఎంజైము పాలలోని మాంసకృత్తులని విరగ్గొట్టి ఆ చేదు తెస్తుందని తర్వాత తెలిసింది. అనాసని ఉప్పు, మిరియాల పొడి, బెల్లంతో పచ్చిగా ఊరబెట్టుకోండి, దివ్యంగా ఉంటుంది. పెరుగు కావాలంటే వడ్డించే నిమిషంలో కలపండి.

రెండోది పంపర పనస. ఇక్కడ దాన్నే చక్కోత అంటారు, మీ అబ్బాయి విమానం దిగే దేవనహళ్లి చక్కోతకి భౌగోళిక గుర్తింపు ఉంది. మంచి కాయ దొరికితే దాని ముత్యాలు విడదీసి, ఉప్పు, కారం, కాస్త తేనె కలిపితే వేరే పచ్చడి అడగరు. కానీ గ్రేప్‌ఫ్రూట్ అనే నిమ్మజాతి పండు (ద్రాక్ష కాదు) కొన్ని కొలెస్ట్రాల్, బీపీ మాత్రలతో పడదు, మందు ఒంట్లో మోతాదుకు మించి పేరుకుంటుంది. గ్రేప్‌ఫ్రూట్ పుట్టిందే పంపర పనస, ఆరెంజ్ కలవడం వల్ల, ఆ గుణం దీనిలోనూ ఉంది. అత్తగారు అలాంటి మాత్రలు వేసుకుంటుంటే డాక్టరుని అడిగాకే పెట్టండి.

ఇక వచ్చే ఏడాది మాట. క్రాన్‌బెర్రీకి మన దగ్గర అసలైన జోడీ వాక్కాయ. పప్పులో వేసుకునే ఆ గులాబి రంగు పుల్ల కాయే. బేకరీ కేకుల మీద చెర్రీ అని పెట్టేది కూడా చాలాసార్లు పాకం పట్టి రంగేసిన వాక్కాయే. దాని చిక్కల్లా ఒకటే, వానాకాలంలో వచ్చి డిసెంబరుకి కనబడకుండా పోతుంది. ఆగస్టులో మార్కెట్లో ‘కవళికాయి’ అని కనిపిస్తే అరకిలో కొనండి. చేతులకి నూనె రాసుకుని సగానికి కోయండి, లేకపోతే దాని పాలు బంకలా పట్టుకుంటాయి. గింజలు తీసి, కడిగి, ఆరబెట్టి, పళ్లెంలో పరిచి ఫ్రీజర్‌లో గట్టిపడ్డాక సంచిలో కట్టిపెట్టండి. వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు 340 గ్రాములు తూచి, పూర్తిగా కరగకముందే మిక్సీలో రెండు తిప్పులు తిప్పి, ముప్పావు కప్పు చక్కెర, ఒక కమలాపండు గుజ్జు, పావు తొక్క కలిపి రాత్రంతా ఊరనివ్వండి.